లైట్లు కొనడానికి వెళ్తూ రెండు ఎండుమిరపకాయలు జేబులో వేసుకోండి

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ మ్యాచింగ్ సెంటర్ ముందైనా మధ్యాహ్నం పూట కాసేపు నిలబడి చూడండి. లోపల కౌంటర్ మీద చీర కొంగు పరిచి, దాని పక్కన టూ బై టూ రూబియా ముక్కలు ఒక్కొక్కటే వేస్తుంటాడు సేల్స్ కుర్రాడు. కొనడానికి వచ్చినావిడ అటూ ఇటూ తిప్పి చూసి, "బాబూ, ఇక్కడ రంగు తేలట్లేదు, కాస్త బయటికి తీసుకురా" అంటుంది. ఇద్దరూ గుమ్మం దాకా వస్తారు. లోపల చీరకి అతికినట్టు కుదిరిన మెరూన్ ముక్క ఎండలో పెట్టేసరికి ఇటుక రంగులోకి దిగిపోతుంది. మళ్లీ లోపలికి వెళ్లడం, ఇంకో తాను తీయడం, మళ్లీ గుమ్మంలోకి రావడం.

ఈ తిరుగుడు మనకి ఎంత అలవాటైపోయిందంటే, అది బట్టల గుణం అనుకుని సరిపెట్టుకుంటున్నాం. బట్టలో లోపం లేదు. ఆ షాపు లైటు రంగుని ఉన్నదున్నట్టు చూపించట్లేదని కొనే ఆవిడకి తెలుసు, అమ్మే కుర్రాడికి తెలుసు, ఒక్క యజమానికే ఎవరూ చెప్పరు. పైగా పగలు కాబట్టి గుమ్మం పనికొచ్చింది. మన ఎండలకి జనం బజారుకి బయల్దేరేది పొద్దుగూకాక. రాత్రి ఎనిమిదింటికి గుమ్మం దాకా వచ్చినా అక్కడుండేది వీధి దీపమే.

విజయవాడ, గుంటూరు షాపుల్లో లైటింగ్ మీద పెట్టే డబ్బు తక్కువేం కాదు. అదంతా వాట్ల మీదికే పోతోంది, రంగు మీదికి పోవట్లేదని నా ఫిర్యాదు. తూకం సరిగ్గా ఉండడం కొట్టువాడి బాధ్యత అని ఎలా ఒప్పుకుంటామో, సరుకు రంగు ఇంటికెళ్లాక మారకుండా చూపించడం కూడా అంతే బాధ్యత అని ఒప్పుకోవాలి. షాపు కళ, హుందాతనం, మనం 'లుక్' అనేదంతా ఆ పని సరిగ్గా జరిగాక దాని వెంట వచ్చేదే.

లోపం ఎక్కడుందో తెలియాలంటే లైటు లోపలికి చూడాలి. తెల్ల ఎల్‌ఈడీ అని మనం అనేది అసలు నీలం ఎల్‌ఈడీ. 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలం వెలుతురిచ్చే చిప్పు, దాని మీద పసుప్పచ్చటి ఫాస్ఫర్ పూత. నీలంలో కొంత పూతలోంచి దూసుకుని బయటికొస్తుంది, కొంత పసుపుగా మారుతుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. ఆ నీలం చిప్పుని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకి 2014లో భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. గొప్ప పనే. కానీ చౌక పూతలో ముదురు ఎరుపు చాలా పలచన. లైటులోనే ఎరుపు లేకపోతే మెరూన్ పట్టు ఎక్కణ్ణించి తెచ్చి కంటికి పంపుతుంది? అందుకే మెరూన్ మట్టిరంగుకి, రాణి రంగు వంకాయ రంగుకి, కుంకుమ కాఫీపొడికి దగ్గరవుతాయి.

లైటు రంగుని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్ఐ. సూర్యుడికి 100. బజార్లో దొరికే మామూలు ప్యానెల్ లైటుకి 80, దానికీ తక్కువ. ఈ అంకెలో ఒక మెలిక ఉంది. దీన్ని లెక్కగట్టేది 8 లేత రంగుల నమూనాల సగటుతో. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, అది తొమ్మిదో నమూనా, ఆర్9 అంటారు. సగటు 80 ఉన్న లైటుకి ఆర్9 సున్నా చుట్టుపక్కల ఉండొచ్చు, సున్నా కిందికీ పోవచ్చు. పెట్టె మీద 80 చూసి మంచి మార్కులే అనుకుంటాం. ఎరుపులో తప్పిన సంగతి అక్కడ రాయరు. అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ 2015లో 99 రంగులతో టీఎం-30 అనే కొత్త కొలత తెచ్చింది, అది దీనికంటే నిక్కచ్చి. మన షాపుల వాళ్లకి మాత్రం రెండు అంకెలు గుర్తుంటే చాలు: సీఆర్ఐ 90కి తగ్గకూడదు, ఆర్9 50కి తగ్గకూడదు. డేటా షీటులో ఆర్9 లేకపోతే డీలర్‌ని అడగాలి. అడిగినా చెప్పలేకపోతే ఆ లైటు బట్టలకీ నగలకీ పెట్టకూడదు.

డేటా షీటు చేతికి రాలేదా, మిరపకాయ ఉంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, ధర పలికేటప్పుడు కాయ రంగు ఎంత ముఖ్యమో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎగుమతి వ్యాపారంలో కారప్పొడి రంగుకి ఆస్టా అని ప్రత్యేకంగా ఒక కొలతే ఉంది. నిగనిగలాడే ఎండుమిరపకాయ ఆర్9 నమూనాకి మన ఇంట్లో దొరికే చుట్టం. మంచి రంగున్నవి రెండు జేబులో వేసుకుని లైట్ల షాపుకి వెళ్లండి. ముందు గుమ్మం దగ్గర నీడపట్టున పెట్టి ఆ ఎరుపుని బాగా చూసుకోండి. తర్వాత కొనబోయే లైటు కింద చూడండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. లైట్ల షాపులో యాభై లైట్లు ఒకేసారి వెలుగుతుంటాయి, మీరు చూసేది ఏ లైటు పనితనమో తెలియదు. ఒక ఖాళీ అట్టపెట్టె అడిగి, లోపల తెల్లకాగితం పరిచి, పైన కంత చేసి ఆ ఒక్క లైటే లోపలికి పడేట్టు పెట్టించండి. కళ్లు అలవాటు పడడానికి రెండు నిమిషాలు ఆగండి. కాయ ఎర్రగానే ఉంటే తీసుకోండి. గోధుమరంగుకి తిరిగితే, ధర ఎంత చవకైనా వదిలేయండి. మిరపకాయ పక్కనే అరచెయ్యి కూడా పెట్టి చూడండి. చర్మం కింది రక్తపు ఎరుపు కనపడాలంటే ఆర్9 ఉండాలి. లేకపోతే చెయ్యి జ్వరం వచ్చినవాడి చెయ్యిలా పాలిపోయి కనపడుతుంది. ఆ లైటు కింద అద్దంలో చూసుకునే కస్టమర్ మొహమూ అంతే.

కెల్విన్ సంగతి వేరు, దాన్నీ సీఆర్ఐనీ ఒకటి అనుకోకూడదు. కెల్విన్ చెప్పేది వెలుతురు పసుపు వైపా నీలం వైపా అన్నది మాత్రమే. 3000 అంటే వార్మ్ వైట్, 4000 న్యూట్రల్, 6500 కూల్ డే లైట్. ఆ చివరి పేరే మనల్ని ముంచింది. డే లైట్ అని రాసి ఉంటే పగటి వెలుతురు అనే అనుకుంటాం. ఛాయ పగటిదే, అందులో ఉండాల్సిన రంగులు లేవు. ట్యూబు లైట్ల కాలం నుంచీ తెల్లగా ఉంటేనే వెలుగు, పచ్చగా ఉంటే బల్బు వెలుగు అనే భావన మనకి పాతుకుపోయింది. దాంతో చీరల షాపు, మందుల షాపు, చెప్పుల షాపు అన్నీ 6500లోనే మునుగుతున్నాయి. చామనఛాయ ఒంటికి, పట్టుకి, బంగారానికి ఆ నీలిఛాయ ఏ మాత్రం నప్పదు. అలాగని 2700కి దిగిపోయి అంతా పసుపు చేస్తే ఇంకో చిక్కు: అందులో నీలం తక్కువ కాబట్టి నేవీ బ్లూకీ నలుపుకీ తేడా తెలియదు, నెమలికంఠం ఆకుపచ్చగా కనపడుతుంది. చీరలకి, డ్రెస్ మెటీరియల్‌కి 4000 కెల్విన్, సీఆర్ఐ 90. ఇది దాదాపు ఎప్పుడూ తప్పు కాని జోడి.

యజమానులు చెప్పే మాట ఒకటుంది: "అదంతా సరేనండీ, వెలుగు తగ్గితే జనం లోపలికి రారు." అందులో నిజం కొంత ఉంది కాబట్టి జవాబు కాస్త వివరంగా చెప్పాలి. 90 సీఆర్ఐ లైటు అదే వాట్లకి 80 సీఆర్ఐ లైటు కంటే పది పదిహేను శాతం తక్కువ వెలుతురిస్తుంది. ముదురు ఎరుపుకి మన కన్ను అంతగా స్పందించదు కాబట్టి లూమెన్ల లెక్కలో, అంటే కంటికి తెలిసే మొత్తం వెలుతురు లెక్కలో, అది నష్టంగానే కనపడుతుంది. అయితే జనాన్ని లోపలికి లాగేది మొత్తం వెలుతురు కాదు, తేడా. కన్ను కొలిచేది నిష్పత్తిని. చుట్టూ ఉన్నదానికి మూడింతలు వెలుగు ఒకచోట పడితే చూపు అక్కడికి వెళ్తుంది. ఐదింతలైతే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. షో విండోలో బొమ్మకి కట్టిన చీర మీద పదింతలు పెట్టినా తప్పులేదు. సీలింగ్ అంతా ప్యానెళ్లు పరిచి నేల, గోడ, సరుకు, క్యాష్ కౌంటర్ అన్నిటినీ సమానంగా వెలిగిస్తే చూపుకి ఆగే చోటే ఉండదు. రోడ్డు మీద అన్ని షాపులూ అదే పని చేస్తున్నప్పుడు ఇంకో నాలుగు ప్యానెళ్లు బిగిస్తే ఒరిగేదేం లేదు.

అంకెల్లో చూద్దాం. మన బజార్లలో మామూలు కొలత పది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల లోతు. 300 చదరపు అడుగులు, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. షాపులకి ఐఎస్ 3646 అనే భారత ప్రమాణం చెప్పేది 300 నుంచి 750 లక్సులు, నడిమిది 500. చదరపు మీటరు మీద ఒక లూమెన్ పడితే ఒక లక్సు. 500ని 28తో గుణిస్తే 14,000 లూమెన్లు. లైటులోంచి వచ్చిందంతా సరుకు మీదికి చేరదు, గోడలూ దుమ్మూ కొంత తినేస్తాయి. ఆ రెండు తరుగులకీ 0.6తో ఒకసారి, 0.8తో ఒకసారి భాగిస్తే కావాల్సింది దాదాపు 29,000 లూమెన్లు. రెండడుగుల 36 వాట్ల ప్యానెళ్లు ఎనిమిది, మొత్తం 288 వాట్లు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే చేసే పని ఇదే, కొంతమంది పన్నెండు కూడా పెట్టిస్తారు. ఇప్పుడు అదే కరెంటుతో ఇంకోలా చేయండి. ప్యానెళ్లు నాలుగే పెట్టండి, 144 వాట్లు, షాపంతా 250 లక్సులు. నడవడానికి, బిల్లు చదవడానికి అది చాలు. మిగతా 144 వాట్లతో 12 వాట్ల ట్రాక్ స్పాట్లు, అంటే పట్టా మీద బిగించి కావాల్సిన వైపుకి తిప్పుకునే లైట్లు, పన్నెండు తీసుకుని గోడల ర్యాకుల మీదికి తిప్పండి. కరెంటు బిల్లు అదే, షాపు వేరు.

స్పాటు కొనేటప్పుడు వాట్ల కంటే ముందు డిగ్రీ అడగాలి, అంటే వెలుతురు ఎంత కోణంలో విచ్చుకుంటుందన్నది. రెండు మీటర్ల దూరంలో 15 డిగ్రీల స్పాటు అరమీటరు వెడల్పు వృత్తం వేస్తుంది, 24 డిగ్రీలది 85 సెంటీమీటర్లు, 36 డిగ్రీలది 1.3 మీటర్లు. నగకి 15, బొమ్మకి 24, ర్యాకుకి 36. దూరం రెట్టింపైతే వెలుతురు సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. సీలింగ్ పద్నాలుగు అడుగులున్న పాత గవర్నర్‌పేట షాపులో పది అడుగుల లెక్కతో కొన్న స్పాట్లు బిగిస్తే వెలవెలబోయేది అందుకే. అలాంటి చోట ట్రాకుని రాడ్లతో కిందికి దించుకోవాలి.

స్పాటు ఎక్కడ బిగించాలన్నది ఇంకా ముఖ్యం. నిలువు నుంచి 30 డిగ్రీల వాలు మంచిది. సీలింగ్ పది అడుగులు, వెలగాల్సిన చోటు ఐదడుగుల ఎత్తు అనుకోండి. ర్యాకు ముఖం నుంచి స్పాటు మూడడుగుల ఇవతల ఉండాలి. అడుగు దూరంలో బిగిస్తే పై అర మండిపోతుంది, కింది అరలు దాని నీడలో పడతాయి, గోడ మీద గోపురాల్లాంటి మచ్చలు వస్తాయి. ఆరడుగుల ఇవతల బిగిస్తే ర్యాకు ముందు నిలబడ్డ మనిషి నీడ సరుకు మీదే పడుతుంది, వెనక్కి తిరిగితే లైటు కళ్లలో కొడుతుంది. ఇంకో లెక్క కూడా మర్చిపోతుంటారు. కేటలాగులో 4,000 కాండెలా (ఒక దిక్కుకి వెళ్లే వెలుతురు బలం) అని ఉన్న 12 వాట్ల స్పాటు ఆ దూరంలో 1,300 లక్సుల దాకా ఇస్తుంది, కానీ అది వాలుగా వచ్చి నిలువు ర్యాకు మీద పడుతుంది కాబట్టి దక్కేది అందులో సగం, సుమారు 650. ప్యానెళ్ల వెలుతురు దానికి తోడవుతుంది. సరిపోతుంది.

పట్టుచీర దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే లైటు దిక్కు అంటే ఏమిటో అన్నిటికంటే బాగా చెప్పేది అదే. డబుల్ షేడ్ పట్టులో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నిలువు పోగుల మీద తళుక్కుమన్నది ఒక కోణంలో, అడ్డపోగుల మీద తళుక్కుమన్నది మరో కోణంలో కంటికి చేరుతుంది. సేల్స్‌మన్ కొంగుని గాల్లో చిన్నగా ఊపుతాడు చూడండి, ఆ రెండు రంగులూ ఒకదాని వెనక ఒకటి పలకాలని. వెలుతురు ఒక దిక్కు నుంచి వస్తేనే అది సాధ్యం. ప్యానెల్ లైటు సీలింగంతటి నుంచీ ఒకేసారి కురుస్తుంది, అన్ని కోణాలూ సమానమైపోతాయి, రెండు రంగులూ కలిసి ఒక మందకొడి రంగు మిగులుతుంది. జరీ కూడా అంతే. చిన్న మూలం నుంచి వచ్చిన వెలుతురుని జరీ గీతలు గీతలుగా వెనక్కి కొడుతుంది. ప్యానెల్ కింద అదే జరీ పసుపు దారంలా పడుంటుంది. మంగళగిరి నేత చీరకి నిజాం అంచు మీద ఒక్క వాలు స్పాటు పడితే చాలు, నూలు నేత గరుకుదనం, జరీ నునుపు రెండూ విడివిడిగా తెలుస్తాయి.

వన్ టౌన్ హోల్‌సేల్ బట్టల కొట్లలో పరుపు మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద చీరలు విప్పే పద్ధతి ఉంది కదా. కూర్చోవడానికి వీలుగా పెట్టుకున్నదే అయినా లైటింగ్ లెక్కలో అది ఎంతో తెలివైన ఏర్పాటు. పైనుంచి పడ్డ వెలుతురుని తెల్ల గుడ్డ మెత్తగా పైకి చిమ్ముతుంది. మడతల కింద నీడలు కరిగిపోతాయి, పక్కన తెలుపు ఉంది కాబట్టి కన్ను రంగుని సరిగ్గా అంచనా కడుతుంది. ఇంటీరియర్ మార్చేటప్పుడు దాన్ని తీసేసి నల్ల గ్రానైట్ కౌంటర్, గులాబీ గోడలు పెట్టుకుంటున్నారు. గులాబీ గోడ మీంచి ఎగిరొచ్చిన వెలుతురు గులాబీగానే వస్తుంది, అది తెల్లచీర మీద పడుతుంది. సరుకు పరిచే చోట గోడలు తెలుపో లేత బూడిదరంగో ఉండాలి, మెరవకూడదు.

తెలుపు అనగానే పంచెలు, ఖద్దరు చొక్కాల షాపుల బాధ గుర్తొస్తుంది. కొత్త తెల్ల బట్టలో ఆప్టికల్ బ్రైట్‌నర్ అనే రసాయనం ఉంటుంది. అది కంటికి కనపడని అతినీలలోహిత వెలుతురునీ, ఊదా అంచునీ పీల్చుకుని నీలంగా విడుస్తుంది. ఎండలో పంచె ధగధగలాడేది అందుకే. మామూలు ఎల్‌ఈడీలో ఆ అతినీలలోహితం, ఊదా అంచు దాదాపు ఏమీ ఉండవు, బ్రైట్‌నర్‌కి మేత దొరకదు, తెలుపు మాసినట్టుంటుంది. 6500 పెడితే తెల్లబడుతుందనుకుంటారు, గోడ కూడా అంతే తెల్లబడుతుంది కాబట్టి తేడా రాదు. 410 నానోమీటర్ల దగ్గర ఊదా చిప్పు కలిపిన స్పాట్లు 'క్రిస్ప్ వైట్' లాంటి పేర్లతో వస్తున్నాయి. ఆ రెండు ర్యాకులకి అవి పెడితే ఖర్చు దండగ కాదు.

బంగారానికి 3000 కెల్విన్, వజ్రానికీ వెండికీ 4000 నుంచి 5000. రెండూ ఒకే చూపులో పడితే వజ్రాల వైపు నీలంగా, బంగారం వైపు మరీ పసుపుగా కనపడతాయి కాబట్టి మధ్యలో ఒక అడ్డు ఉండాలి. వజ్రం మెరవాలంటే చుక్కల్లాంటి లైట్లు కావాలి. ప్యానెల్ కింద ఎంత మంచి రాయైనా గాజుపెంకే. అయితే బంగారం మీద పసుపు ఫిల్టర్లు వేసి ఛాయ పెంచడం నాకు సమ్మతం కాదు. స్వచ్ఛతకి హాల్‌మార్క్ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు స్థానాల హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడు, లేనిదే హాల్‌మార్క్ నగ అమ్మకూడదు కూడా. ఆ చిన్న అక్షరాలని భూతద్దంలో చదువుకోవడానికి ప్రతి కౌంటర్ దగ్గరా 4000 కెల్విన్ టేబుల్ లైటు ఒకటి పెడితే, నగ అసలు ఛాయ కూడా కొనేవాళ్లకి అక్కడే తెలిసిపోతుంది. గాజు కౌంటర్ల మీది స్పాట్లు సేల్స్‌మన్ నెత్తిన ఉండకూడదు, వాటి ప్రతిబింబం గాజులో సరిగ్గా కస్టమర్ కళ్లకి తగులుతుంది. కస్టమర్ వైపు కౌంటర్ అంచుకి నిలువుగా పైన బిగించండి. ఇంకోటి, లైట్లు లాగిన కరెంటంతా చివరికి షాపులో వేడే. నగల షాపులో వెయ్యి చదరపు అడుగులకి 5 కిలోవాట్ల లైట్లు పెడితే ఆ వేడి లాగడానికే దాదాపు టన్నున్నర ఏసీ కావాలి. మే నెలలో ఆ సంగతి బిల్లులో తెలుస్తుంది.

మే నెల అంటే గుమ్మం లెక్క. బయట మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సులు, లోపల ఐదొందలు. లోపలికి అడుగుపెట్టిన మనిషికి షాపు చీకటి గుహలా ఉంటుంది, చూపు సర్దుకునేలోపు మొదటి ఆరేడు అడుగుల్లో ఉన్న సరుకుని దాటిపోతుంది. దానికని షాపంతా వెలుగు పెంచనక్కర్లేదు. గుమ్మం లోపలి ఏడెనిమిది అడుగులకి విడిగా ఒక సర్క్యూట్ లాగించి, పగలు అక్కడ వెయ్యి లక్సులు ఉంచండి, పొద్దుగూకాక సగం ఆర్పేయండి. వైరింగ్ అప్పుడే చెప్పాలి ఈ మాట, ఫాల్స్ సీలింగ్ మూసేశాక చెబితే పని రెట్టింపు. మాల్స్‌లో ఈ బాధ తక్కువ. కారిడార్ 200 లక్సుల దగ్గర ఉంటే 500 ఉన్న షాపు దానంతటదే వెలిగిపోతుంది. కాకపోతే ఒక్కో షాపూ పోటీపడి కారిడార్ మీదికే లైట్లు తిప్పడం మొదలెడితే ఆ లాభం కాస్తా పోతుంది. అద్దెదారుల ఒప్పందంలో మేనేజ్‌మెంట్ రాసుకోవాల్సిన షరతు ఇది.

ట్రయల్ రూము విషయంలో మన షాపులన్నీ ఒకే తప్పు చేస్తున్నాయి, నెత్తి మీద సరిగ్గా ఒక డౌన్ లైటు. కళ్ల కింద గుంటలు, ముక్కు కింద నీడ, పొట్ట ఉన్నదానికంటే ఎక్కువ. వేసుకున్న డ్రెస్ ఎంత బాగున్నా ఆ మొహం చూసుకున్నాక కొనబుద్ధి కాదు. అద్దానికి రెండు పక్కలా నిలువుగా, నేల నుంచి మూడడుగుల దగ్గర మొదలై ఆరడుగుల దాకా, డిఫ్యూజర్ (వెలుతురుని మెత్తగా పరిచే పొర) ఉన్న లైట్లు పెట్టండి. 3500 లేదా 4000 కెల్విన్, సీఆర్ఐ 90 దాటి. రెండు వేల రూపాయలకి వెనకాడే చోటు ఇది కాదు. అమ్మకం తేలేది ఆ అద్దం ముందే.

ఇంకో అద్దం కూడా ఉంది ఇప్పుడు, ఫోను. చీర నచ్చగానే హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న అక్కకి వీడియో కాల్ చేసి చూపిస్తారు. ఎల్‌ఈడీకి కరెంటుని సరిచేసి అందించే చిన్న పెట్టెని డ్రైవర్ అంటారు. చౌక డ్రైవర్ ఉన్న లైటు సెకనుకి వందసార్లు రెపరెపలాడుతుంది. మన కంటికి తెలియకపోయినా ఫోనులో నల్ల చారలు పాకుతుంటాయి, అవతలి వాళ్లకి చీర సరిగ్గా ఆనదు. కొనేముందు ఫోను స్లో మోషన్‌లో పెట్టి లైటుని పదిసెకన్లు తీయండి, మినుకుమంటే వద్దు.

ఇక చెడిపోయే సంగతి. పెట్టె మీది 50,000 గంటలంటే రోజుకి పన్నెండు గంటల లెక్కన పదకొండేళ్లు. అది చిప్పు సంగతి, అదీ వెలుతురు 70 శాతానికి తగ్గేదాకా. ముందుగా పోయేది డ్రైవర్. దానిలోని కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది, పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. గాలాడని ఫాల్స్ సీలింగ్ పైన, రేకుల కప్పు కింద, ఎండాకాలంలో దాని గతి ఊహించుకోండి. డ్రైవర్‌ని లైటు నెత్తి మీదే పడుకోబెట్టకుండా అడుగు పక్కకి పెట్టించండి, చెయ్యి పట్టే తలుపు ఒకటి సీలింగ్‌లో వదిలించండి.

ఒకేరోజు పది డ్రైవర్లు కాలిపోతే కంపెనీని తిట్టకముందు న్యూట్రల్ చూడండి. త్రీఫేజ్ కనెక్షన్‌లో న్యూట్రల్ వదులైతే, లోడు తక్కువున్న ఫేజు మీద వోల్టేజి 230 దాటి 400 దాకా ఎగబాకుతుంది. ఏసీలు ఒక ఫేజు మీద, లైట్లు ఒక ఫేజు మీద ఉన్న షాపుల్లో లైట్లే బలవుతాయి. మీటర్ దగ్గరా మెయిన్ బోర్డులోనూ న్యూట్రల్ బోల్టులు ఆరునెలలకోసారి బిగించాలి. న్యూట్రల్ వైరు ఫేజు వైరుకంటే సన్నగా వేయనివ్వకూడదు. ఎల్‌ఈడీ డ్రైవర్ల హార్మోనిక్స్, అంటే అవి కరెంటుని సాఫీగా లాగకపోవడం వల్ల పుట్టే అదనపు తరంగాలు, మూడు ఫేజుల నుంచీ వచ్చి న్యూట్రల్‌లోనే పోగవుతాయి.

అరల్లో పెట్టే స్ట్రిప్ లైట్లలో తప్పు ఇంకోలా ఉంటుంది: మొదట్లో తెల్లగా, చివరికి పోయేసరికి గుడ్డిగా. మీటరుకి 14.4 వాట్ల స్ట్రిప్ ఐదు మీటర్లు 72 వాట్లు. 12 వోల్టులైతే 6 ఆంపియర్లు ఆ సన్నటి రాగి రేకులో పరుగెత్తాలి, దారిలోనే వోల్టేజి కరిగిపోతుంది. 24 వోల్టుల స్ట్రిప్ తీసుకుంటే కరెంటు సగం. ఐదు మీటర్లు దాటితే రెండో చివర నుంచి కూడా సప్లై ఇవ్వాలి. 72 వాట్లకి 75 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (స్ట్రిప్‌కి తక్కువ వోల్టేజి ఇచ్చే సప్లై పెట్టె) పెట్టకండి, 100 వాట్లది పెట్టండి. అల్యూమినియం ఛానెల్ లేకుండా చెక్కకి నేరుగా అంటిస్తే వేడికి జిగురు ఊడి సీజన్ మధ్యలో వేలాడుతుంది. మిఠాయి కొట్లలో ఎస్‌ఎంపీఎస్‌ని గాజుపెట్టె లోపల పెట్టడం మరీ అన్యాయం, నేతి మిఠాయి చెమటలు పోస్తుంది.

లైట్లు కొన్నప్పుడే పదికి ఒకటి చొప్పున అదే బ్యాచిలో ఎక్కువ కొని, పెట్టె మీద తేదీ రాసి అటక మీద పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత అదే కంపెనీ, అదే 4000 కెల్విన్ తెచ్చినా ఛాయ కలవదు, వరసలో ఒక్కటి లేతపచ్చగా కనపడుతూనే ఉంటుంది. కొనేటప్పుడు లైటుకీ లైటుకీ ఛాయ తేడాని కొలిచే మ్యాక్‌ఆడమ్ స్టెప్పుల్లో మూడింటి లోపు ఉన్నవి అడిగితే ఈ తేడా తక్కువ.

ఇంత చేసినా మ్యాచింగ్ సెంటర్‌కి ఒక చిక్కు మిగిలే ఉంటుంది. పట్టుకి వేసిన అద్దకం వేరు, రూబియాకి వేసిన అద్దకం వేరు. ఒక లైటు కింద ఒక్కటిగా కనపడ్డ రెండూ ఇంకో లైటు కింద విడిపోవచ్చు, లైటు ఎంత మంచిదైనా సరే. బట్టల మిల్లుల్లో దీనికోసమే లైట్ బాక్సులు వాడతారు, ఒకే నమూనాని రెండు మూడు రకాల వెలుతురులో మార్చి మార్చి చూస్తారు. మ్యాచింగ్ సెంటర్‌లో అది చేసుకోవడం పెద్ద పనేం కాదు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు బల్ల, పైన మెరవని లేత బూడిదరంగు లామినేట్. బల్లకి మూడడుగుల పైన ట్యూబు లైటు లాంటి నాలుగడుగుల 20 వాట్ల బ్యాటెన్లు నాలుగు. రెండు 6500 కెల్విన్, సీఆర్ఐ 95. రెండు 3000 కెల్విన్, సీఆర్ఐ 90. ఏ జత వేసినా బల్ల మీద సుమారు వెయ్యి లక్సులు పడతాయి. మిగతా షాపు లైట్లు ఆ బల్ల మీద పడకుండా మూడు పక్కలా చిన్న అడ్డు. రెండు స్విచ్చులు, ఒకదాని మీద 'పగలు' అని, ఇంకోదాని మీద 'ఫంక్షన్ హాలు' అని తెలుగులో రాసిన స్టిక్కర్లు. ఆ స్విచ్ బోర్డు కౌంటర్ వెనక సేల్స్‌మన్ చేతికి కాకుండా, బల్లకి ఇవతల, చీర పట్టుకొచ్చినావిడ చేతికందే చోట బిగించాలి.